బియాస్ లోయకు వెళ్ళొద్దాం రండి

కొండల మధ్య పారే నదిని చూడాలని ఎవరికి ఉండదు? ఎండాకాలం వచ్చిందంటే మన ఊళ్ళలో కాలువలు అడుగంటుతాయి, చెరువులు నెర్రెలిస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే హిమాలయ నదులు నిండుగా, నురగలు కక్కుతూ పరుగులు తీస్తాయి. అందుకే ఏటా మన రాష్ట్రాల నుంచి ఎందరో రైలెక్కి ఢిల్లీ మీదుగా హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ, మనాలి ప్రాంతాలకు వెళుతుంటారు. మీలో కొందరు వెళ్ళే ఉంటారు. మిగిలినవారు పై తరగతులకు వచ్చాక స్నేహితులతో కలిసి వెళ్ళవచ్చు.

ఏదైనా ఊరికి వెళ్ళేముందు దారి తెలుసుకుంటాం కదా! అలాగే కొండనది దగ్గరకు వెళ్ళేముందు దాని నడవడి తెలుసుకోవాలి. నది అందమైనదే, కాని అది మన చెరువు లాంటిది కాదు. దాని చల్లదనానికి, రంగుకు, చప్పుడుకు, కోపానికి అన్నింటికీ కారణాలున్నాయి. అవన్నీ మీరు మీ పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న సూత్రాలే. ఆ పుస్తకాన్ని చేతబట్టుకుని బియాస్ లోయలోకి ఒకసారి దిగి చూద్దాం.

విపాశ కథ

పంజాబు అయిదు నదుల్లో బియాస్ ఒకటి. రోహ్‌తాంగ్ కనుమ పరిసరాల్లో పుట్టి, మనాలి, కులూ, మండీ పట్టణాల మీదుగా సుమారు 470 కి.మీ. ప్రవహించి, పంజాబులోని హరికే దగ్గర సట్లెజ్‌లో కలుస్తుంది. మన ప్రాచీన గ్రంథాలు దీన్ని 'విపాశ' అన్నాయి. పాశాలు అంటే తాళ్ళు. వసిష్ఠుడు పుత్రశోకంతో ఒళ్ళంతా తాళ్ళతో కట్టుకుని ఈ నదిలో దూకితే, నది ఆ కట్లు విప్పి ఆయనను ఒడ్డున పడవేసిందని మహాభారత కథ. గ్రీకులు ఈ నదినే 'హైఫాసిస్' అన్నారు. క్రీ.పూ. 326లో అలెగ్జాండరు సైన్యం ఇక ముందుకు నడవమని మొండికేసింది ఈ నది ఒడ్డునే.

మనాలి సముద్రమట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి 40 కి.మీ. దిగువన ఉన్న కులూ ఎత్తు సుమారు 1,250 మీటర్లు. అంటే 40 కి.మీ. ప్రయాణంలో నది 800 మీటర్లు దిగిపోతుంది. కిలోమీటరుకు 20 మీటర్ల వాలు అన్నమాట! మన గోదావరితో పోల్చి చూడండి. అది త్ర్యంబకం దగ్గర 1,067 మీటర్ల ఎత్తున పుట్టి 1,465 కి.మీ. పారి సముద్రంలో కలుస్తుంది. సగటున కిలోమీటరుకు మీటరు వాలు కూడా లేదు. బియాస్ వాలు దానికి సుమారు 27 రెట్లు. గోదావరి నడుస్తుంది, బియాస్ దూకుతుంది. ఈ ఒక్క సంఖ్యను గుర్తుంచుకోండి. ఇక మీద మనం చెప్పుకోబోయే సంగతులకు చాలావరకు మూలం ఇదే.

ఎండలో కూడా ఎందుకంత చలి?

మే నెలలో హైదరాబాదులో 40 డిగ్రీలు దాటి కాస్తుంటే, మనాలిలో ఉన్ని బట్టలు వేసుకుని తిరుగుతారు. పైకి వెళ్ళినకొద్దీ సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి వేడి పెరగాలి గాని తగ్గడమేమిటి?

సూర్యకిరణాలు గాలిని నేరుగా అంతగా వేడిచేయవు. ముందు నేలను వేడిచేస్తాయి. ఆ నేల తనకు ఆనుకుని ఉన్న గాలిని వేడిచేస్తుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. పైన పీడనం తక్కువ కాబట్టి అది వ్యాకోచిస్తుంది. వ్యాకోచించడానికి కావలసిన శక్తి తన వేడి నుంచే ఖర్చుపెట్టుకుంటుంది, చల్లబడుతుంది. ఈ లెక్కన ఎత్తు ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 సెంటీగ్రేడు డిగ్రీల వేడి తగ్గుతుంది. హైదరాబాదు కంటె మనాలి సుమారు 1,500 మీటర్లు ఎత్తు. కాబట్టి ఎత్తు వల్లనే పది డిగ్రీలు తగ్గాలి. ఆపైన ఉత్తరంగా ఉండడం, పక్కనే మంచుకొండలుండడం వల్ల మరికొంత తగ్గుతుంది.

ఎత్తుతో పాటు వాయుపీడనం కూడా తగ్గుతుంది. మనాలిలో అది సముద్రమట్టం దగ్గరి పీడనంలో సుమారు 78 శాతం. 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్‌తాంగ్ కనుమలో 61 శాతమే. అంటే ప్రతి శ్వాసలోనూ మనకు అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. ఒక్కరోజులో అంత ఎత్తుకు పోతే కొందరికి తలనొప్పి, వికారం కలిగేది అందుకే. అక్కడ పరుగులు పెట్టరాదు. నింపాదిగా నడవాలి, తరచు నీళ్ళు తాగాలి, తల తిరిగితే వెంటనే కిందికి దిగాలి.

పీడనం తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుందని చదివారు కదా! మనాలిలో నీరు 93 డిగ్రీల దగ్గరే తెర్లుతుంది. రోహ్‌తాంగ్‌లో అయితే 87 డిగ్రీలకే. ఆ నీటిలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కరు అక్కడ విలాసవస్తువు కాదు, అవసరం.

బియాస్‌లో కలిసే పార్వతీ నది ఒడ్డున మణికరణ్ అనే ఊరుంది. అక్కడ నేలలోంచి ఉబికే వేడినీటి ఊటల్లో అన్నం, పప్పు వండుకుంటారు. మూటకట్టిన బియ్యాన్ని ఊటలోకి దించితే చాలు. భూగర్భంలో లోతుకు ఇంకిన నీరు అక్కడి వేడి రాళ్ళను తాకి, బీటల గుండా తిరిగి పైకి రావడమే దీనికి కారణం. ఆ ఎత్తులో నీరు మరిగే వేడి 94 డిగ్రీలే అయినా, రోజంతా చల్లారని పొయ్యి గదా అది!

లోయను చెక్కిందెవరు?

మనాలి పైన సోలాంగ్ వైపు నిలబడి చూస్తే లోయ వెడల్పుగా, అడుగు భాగం పళ్ళెం మాదిరిగా కనిపిస్తుంది. పక్క కొండలు నిటారుగా లేస్తాయి. అదే కులూ దాటి లార్జీ వైపు దిగితే లోయ ఇరుకైపోయి, రెండు కొండలు దగ్గరకు వచ్చి, అడుగున గరాటు మొనలాగ నది ఒక్కటే మిగులుతుంది. ఒకే నది లోయకు రెండు రూపాలెందుకు?

పై భాగాన్ని చెక్కింది నీరు కాదు, మంచు. వేల సంవత్సరాల క్రితం మంచుయుగంలో హిమానీనదాలు ఇప్పటి కంటె చాలా కిందిదాకా పాకి వచ్చాయి. హిమానీనదం లోయ మొత్తాన్ని నింపి, అడుగునూ పక్కలనూ కూడా చిత్రికపట్టినట్లు గీసుకుంటూ పోతుంది. అందుకే లోయ అడుగు వెడల్పవుతుంది. నీరు అలా కాదు. అది ఒక గీత వెంట కిందికే కోస్తుంది. అందుకని నది చెక్కిన లోయ గరాటు ఆకారంలో ఉంటుంది. పక్కనున్న చిన్న హిమానీనదాలు పెద్దదాని అంత లోతుగా చెక్కలేకపోయాయి. మంచు కరిగాక వాటి లోయలు కొండ పక్కన వేలాడినట్లు మిగిలిపోయాయి. వాటిలోని వాగులు ఇప్పుడు జలపాతాలై దూకుతుంటాయి.

నది ఒడ్డున రాళ్ళు చూడండి. ఎక్కువ భాగం కోడిగుడ్డు లాగ నున్నగా ఉంటాయి. ఒకదానితో ఒకటి ఒరుసుకుంటూ దొర్లినందువల్ల వాటి మూలలన్నీ అరిగిపోయాయి. మరి ఎద్దుబండి అంత బండ కూడా గుండ్రంగా ఉన్నదంటే? దాన్నీ నీరే దొర్లించిందన్నమాట. నీటి వేగం రెట్టింపయితే అది దొర్లించగల రాతి బరువు రెట్టింపు కాదు, ఏకంగా 64 రెట్లవుతుంది! మామూలు రోజుల్లో ఒక కిలో రాయిని కదిలించే నది, వరదలో వేగం రెట్టింపయితే 64 కిలోల బండను కదిలిస్తుంది. నది మధ్య ఉన్న పెద్ద బండ మీద కూర్చుని ఫొటో తీయించుకోవాలని మీకు ఎప్పుడైనా అనిపిస్తే, ఆ బండను అక్కడికి తెచ్చింది ఎవరో తలచుకోండి.

చెక్కా రాయీ కలిపిన ఇళ్ళు

లోయలో పాత ఇళ్ళు చూడదగ్గవి. దేవదారు దూలం ఒక వరస, రాతి పలకలు ఒక వరస, మళ్ళీ దూలం, మళ్ళీ రాయి — ఇలా సున్నం, సిమెంటు లేకుండా గోడ లేపుతారు. దీన్ని 'కాఠ్‌కునీ' పద్ధతి అంటారు. భూమి కంపించినప్పుడు సిమెంటు గోడ బిగుసుకుని నిలబడి పగిలిపోతుంది. ఈ గోడలో రాళ్ళు కొంచెం జరుగుతాయి, దూలాలు వాటిని చెదరనివ్వవు, కదలికలో శక్తి ఖర్చయిపోతుంది. 1905 ఏప్రిల్ 4న కాంగ్రా భూకంపం వచ్చినప్పుడు నగ్గర్‌లోని పాతకోట ఈ పద్ధతి వల్లనే నిలిచింది. ఆ నగ్గర్‌లోనే రష్యా చిత్రకారుడు నికొలాస్ రోరిక్ స్థిరపడి, 1928లో హిమాలయ పరిశోధనా సంస్థ ఒకటి స్థాపించాడు. మూలికలు, జానపద భాషలు, పక్షులు, ఖనిజాలు అన్నీ అక్కడ అధ్యయనం చేశారు.

ఒడ్డున ఓపికగా కూర్చుంటే గోధుమరంగు డిప్పర్ పిట్ట కనిపించవచ్చు. నీటిలోని రాయి మీద నిలబడి తోక, ఒళ్ళు ఆడిస్తూ, ఉన్నట్టుండి ప్రవాహంలో మునిగిపోతుంది. నది అడుగున రాళ్ళను పట్టుకుని నడుస్తూ పురుగులను ఏరుకుని మళ్ళీ పైకి వస్తుంది. ఆ నీటిలో అంత ధైర్యంగా దిగడం దానికి చెల్లింది గాని మనకు కాదు. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

నదికీ ఒక గడియారం ఉంది

వేసవిలో బియాస్ నీటికి ఆధారం కరిగే మంచు. మంచు ఎప్పుడు ఎక్కువగా కరుగుతుంది? ఎండ మండే మధ్యాహ్నం. ఆ నీరు వాగుల్లోంచి నదిలోకి చేరి కిందికి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి తెల్లవారుజామున నది సన్నగా ఉంటుంది, సాయంకాలానికి, రాత్రికి పొంగుతుంది. పొద్దున్న రాళ్ళ మీదుగా దాటివెళ్ళిన వాగు, సాయంత్రం తిరిగి వచ్చేసరికి తొడల దాకా ఉండవచ్చు. ఉదయం దారి ఉన్నంత మాత్రాన సాయంత్రం ఉంటుందనుకోరాదు.

నీటి రంగు కూడా ఒక కబురు చెబుతుంది. హిమానీనదం రాళ్ళను నూరినప్పుడు పిండిలాంటి మెత్తని పొడి తయారవుతుంది. అది నీటిలో తేలుతూ ఉండడం వల్ల నది బూడిద కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తుంది. అది మామూలు రంగు. ఆ రంగు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగిందా, ఎగువన ఎక్కడో వాన కురిసిందని, కొండచరియ విరిగిందని అర్థం. మీ నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే!

మోకాటి లోతు నీరు ఎంత బలంగా నెడుతుంది?

"మోకాటి లోతేగా, ఏమవుతుంది?" అంటారు చాలామంది. లెక్క వేసి చూద్దాం.

ఒక ఘనపు మీటరు నీటి బరువు 1,000 కిలోలు, అంటే ఒక టన్ను. పారే నీరు అడ్డుగా ఉన్న వస్తువును నెట్టే బలం రెండింటి మీద ఆధారపడుతుంది: నీటికి ఎదురుగా ఉన్న వైశాల్యం, నీటి వేగం. వైశాల్యం రెట్టింపయితే బలం రెట్టింపవుతుంది. కాని వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లవుతుంది. ఎందుకంటే బలం వేగవర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

మోకాళ్ళదాకా నీటిలో ఉన్న రెండు కాళ్ళ ఎదుటి వైశాల్యం 0.1 చదరపు మీటరు అనుకుందాం. నీటి వేగం సెకనుకు 1 మీటరు, అంటే మనం నింపాదిగా నడిచేంత వేగం అయితే, నెట్టే బలం సుమారు 50 న్యూటన్లు. అది 5 కిలోల బరువుతో సమానం. పరవాలేదు. వేగం 2 మీటర్లయితే 20 కిలోలు. 3 మీటర్లయితే 45 కిలోలు! కిలోమీటరుకు 20 మీటర్లు దిగే నదిలో సెకనుకు 3 మీటర్లు విశేషమేమీ కాదు.

ఇప్పుడు నడుము లోతుకు వెళదాం. వైశాల్యం 0.25 చదరపు మీటరు అవుతుంది. వేగం 1 మీటరే ఉన్నా నెట్టే బలం పన్నెండున్నర కిలోలు. దీనికి తోడు ఆర్కిమెడీస్ మహాశయుడు మనకు ఎదురు తిరుగుతాడు. 50 కిలోల బరువున్న విద్యార్థి నడుము దాకా మునిగితే సుమారు 20 లీటర్ల నీటిని పక్కకు నెడతాడు. కాబట్టి అతని బరువు 20 కిలోలు తగ్గి, కాళ్ళ మీద ఆనేది 30 కిలోలే. పాకుడు పట్టిన రాళ్ళ మీద కాళ్ళు జారకుండా ఆపే ఘర్షణ ఆ 30 కిలోల్లో నలభై శాతం ఉంటుందనుకున్నా, 12 కిలోలే. నెట్టేది పన్నెండున్నర, ఆపేది పన్నెండు. ఎవరు గెలుస్తారు? వేగం 2 మీటర్లకు పెరిగితే నెట్టే బలం 50 కిలోలు. అక్కడ ఎంతటి మల్లయోధుడయినా నిలవలేడు. గజ ఈతగాళ్ళకు కూడా ఈ లెక్క మారదు.

చన్నీళ్ళ దెబ్బ

నీటిలో పడ్డవాడు ఈదుకుంటూ రావచ్చు కదా అంటారా? బియాస్ నీరు నిన్నమొన్నటిదాకా మంచుగడ్డ. ఒంటి వేడి 37 డిగ్రీలు. నీరు గాలి కంటె సుమారు 25 రెట్లు వేగంగా శరీరపు వేడిని లాగేస్తుంది. అంత చల్లని నీటిలో హఠాత్తుగా పడితే, మన ప్రమేయం లేకుండానే పెద్దగా గుక్కపెట్టి శ్వాస పీలుస్తాం. చలికాలంలో నెత్తిన చన్నీళ్ళు గుమ్మరించుకుంటే "హా" అని ఊపిరి లాగుతాం చూడండి, అదే. ఆ క్షణంలో తల నీటిలో ఉంటే గాలికి బదులు నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ మొదటి నిమిషం గడిచినా, కాసేపటికే వేళ్ళు, చేతులు కొయ్యబారిపోతాయి. తాడు విసిరినా పట్టుకోలేరు. పైగా నురగలో సగం గాలి బుడగలే. నురగ సాంద్రత నీటికంటె తక్కువ కాబట్టి అందులో మనిషి సరిగా తేలడు.

ఆనకట్ట దిగువన

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. వాలు ఎక్కువ ఉన్న నది మీద జలవిద్యుత్తు తీయడం సులువు. అందుకే బియాస్ మీద అనేక ఆనకట్టలు కట్టారు. 1977లో పూర్తయిన పాండో ఆనకట్ట బియాస్ నీటిని కొండల్లో తొలిచిన సొరంగాల గుండా సట్లెజ్ వైపుకు మళ్ళిస్తుంది. దానికి ఎగువన లార్జీ దగ్గర 126 మెగావాట్ల విద్యుత్కేంద్రం ఉంది.

విద్యుత్తును ధాన్యంలాగ గాదెలో పోసి దాచుకోవడం కష్టం. ఎంత వాడుతున్నారో అంతే తయారుచేయాలి. వాడకం తగ్గితే టర్బైన్లను తగ్గించమని ఆదేశం వస్తుంది. అప్పుడు వాటిలోంచి పోవలసిన నీరు ఎక్కడికి పోవాలి? చిన్న జలాశయం త్వరగా నిండిపోతుంది. గేట్లు ఎత్తి ఆ నీటిని నదిలోకి వదలవలసి వస్తుంది. అంటే ఎక్కడో నగరంలో వాడకం తగ్గితే, కొండల్లో నది హఠాత్తుగా పొంగవచ్చు. వాన లేదు, ఉరుము లేదు, మబ్బు లేదు. నది మాత్రం పెరుగుతుంది.

2014 జూన్ 8 సాయంకాలం జరిగింది ఇదే. హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు మండీ జిల్లా థాలోట్ దగ్గర బస్సు దిగి, ఫొటోలు తీసుకోవడానికి నదిలోని బండల మీదికి వెళ్ళారు. లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీరు వారిని చుట్టుముట్టింది. 24 మంది విద్యార్థులు, వారి యాత్ర నిర్వాహకుల్లో ఒకరు కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. నీటిని ముందు హెచ్చరిక లేకుండా వదలడం మీద దేశమంతా ప్రశ్నించింది. హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టింది. ఆ పిల్లలు చేసింది అల్లరి పని కాదు. నదిని చూసి సంతోషించడమే వారు చేసినది. హెచ్చరించడం ఆనకట్ట నడిపేవారి బాధ్యత. అయినా ఆ బాధ్యతను వారు నెరవేర్చని రోజున కూడా మనం బతికి ఉండాలి కదా! అందుకు మనకు తోడు మన తెలివే.

ఒక లెక్క చేయండి. ఆనకట్ట మీకు 3 కి.మీ. ఎగువన ఉంది. వదిలిన నీరు సెకనుకు 3 మీటర్ల వేగంతో వస్తుంది. మిమ్మల్ని చేరడానికి ఎంతసేపు? 3,000ను 3తో భాగిస్తే 1,000 సెకన్లు, అంటే 17 నిమిషాల లోపు. గేటు ఎత్తినప్పుడే మీకు తెలిస్తే కావలసినంత వ్యవధి ఉంది. తెలియకపోతే, నీరు పాదాలను తాకిన తరువాత మిగిలేది ఒకటి రెండు నిమిషాలే. సైరను మోగితే "ఇంకొక్క ఫొటో" అనకుండా లేచి రావాలనేది అందుకే.

మరి రాఫ్టింగు చేయవచ్చా?

తప్పక చేయవచ్చు. కులూ దిగువన పిర్ది నుంచి ఝిరి వరకు గాలి నింపిన రబ్బరు పడవల్లో తీసుకువెళతారు. నదిలో నీరు ఉరికే చోట్లను కష్టాన్ని బట్టి 1 నుంచి 6 వరకు తరగతులుగా విభజించారు. 1 అంటే చిన్న అలలు, 6 అంటే ప్రాణాపాయం. పడవలో గాలి అరలు అరలుగా ఉంటుంది. ఒక అర చిరిగినా మిగిలినవి తేలుస్తాయి. లైఫ్ జాకెట్, శిరస్త్రాణం బిగించి కట్టనిదే పడవ ఎక్కరాదు. మన గోదావరిలో 2019 సెప్టెంబరు 15న, వరద రోజుల్లో పాపికొండలకు బయలుదేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగి ఎందరో చనిపోయారు. జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి.

పొరపాటున నీటిలో పడితే నిలబడడానికి ప్రయత్నించవద్దు. రాళ్ళ సందులో కాలు ఇరుక్కుంటే ప్రవాహం ముందుకు తోసి ముంచుతుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్ళు ముందుకు చాపి, రాళ్ళు వస్తే కాళ్ళతో తన్నుకుంటూ, నీరు నెమ్మదించిన చోట ఒడ్డుకు చేరాలి.

వానాకాలం కావడం చేత ఏటా జూలై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు హిమాచల్‌లో ఈ క్రీడలను ఆపివేస్తారు. 2023 జూలైలో కురిసిన కుంభవృష్టికి బియాస్ జాతీయ రహదారినే పలుచోట్ల కోసుకుపోయింది. ఆ రోజుల్లో నదికి దూరంగా ఉండడమే వివేకం.

నదిని చదవడం

కొండనది దగ్గరకు వెళ్ళినప్పుడు ఈ అలవాట్లు చేసుకోండి.

1. దిగగానే ఊరివారిని అడగండి: "ఎగువన ఆనకట్ట ఉందా? నీళ్ళు ఎప్పుడు వదులుతారు?" వారికి తెలిసినంత మనకు తెలియదు.

2. నీటి అంచున ఒక రాయిని గుర్తుగా పెట్టండి. పది నిమిషాలకొకసారి చూడండి. రాయి మునిగితే వెంటనే పైకి రండి. కారణం తరువాత ఆలోచించవచ్చు.

3. ఒడ్డున బండల మీద పాత వరద మరక కోసం వెదకండి. కొమ్మలకు చిక్కుకున్న చెత్త ఎంత ఎత్తున ఉందో చూడండి. నది అక్కడిదాకా వచ్చింది. మళ్ళీ రాగలదు. మీరు కూర్చోవలసింది దానికి పైన.

4. నీటిలో ఆకులు, పుల్లలు హఠాత్తుగా ఎక్కువైనా, రంగు మారినా, రాళ్ళు దొర్లే గుడగుడ శబ్దం వినిపించినా లేచి రండి. నీరు ఉన్నట్టుండి తగ్గినా అనుమానించండి. ఎగువన కొండచరియ పడి నీరు ఆగి ఉండవచ్చు. ఆ అడ్డు తెగితే ఒక్కసారిగా వస్తుంది.

5. నది మధ్య బండల మీదికి, ఇసుక తిన్నెల మీదికి పోవద్దు. నీరు పెరిగినప్పుడు ముందుగా తెగిపోయేది మీరు వచ్చిన దారే.

6. ఎవరైనా పడితే వెంట దూకవద్దు. తాడు, పొడుగు కర్ర, చున్నీ ఏదైనా అందించండి, కేకలు వేసి నలుగురిని పిలవండి.

మీ ఊళ్ళో చేసి చూడండి

ఈ పాఠం నేర్చుకోవడానికి బియాస్ దాకా పోనక్కరలేదు. పెద్దవారిని వెంటబెట్టుకుని మీ ఊరి కాలువ గట్టుకు వెళ్ళండి. గట్టు మీదే, నీటికి దూరంగా, 10 మీటర్లు కొలిచి రెండు పుల్లలు పాతండి. ఎగువ పుల్లకు ముందుగానే ఒక బత్తాయి తొక్కను నీటిలోకి విసరండి. మొదటి పుల్ల దాటగానే లెక్క మొదలుపెట్టి, రెండోది దాటేసరికి ఎన్ని సెకన్లయిందో చూడండి. 10ని ఆ సెకన్లతో భాగిస్తే నీటి పైభాగపు వేగం వస్తుంది. అడుగున, పక్కల ఘర్షణ ఉంటుంది కాబట్టి సగటు వేగం కొంచెం తక్కువ. పై వేగాన్ని 0.85తో గుణిస్తే సుమారుగా సరిపోతుంది. తరువాత ఆ వేగాన్ని వర్గం చేసి, 50తో గుణించండి. మోకాటి లోతు నీటిలో నిలబడినవాడిని ఆ కాలువ ఎన్ని న్యూటన్లతో నెడుతుందో తేలుతుంది. 10తో భాగిస్తే ఇంచుమించు కిలోల్లో వస్తుంది. వానాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి కొలిచి, రెండు ఫలితాలను మీ నోటుపుస్తకంలో పక్కపక్కన రాసుకోండి.

ఆ రెండు అంకెల మధ్య తేడా మీ చేత్తో మీరే కనుక్కున్నాక, ఏ నది ఒడ్డున నిలబడినా మీ కళ్ళు ముందుగా నీటి అంచును వెదుకుతాయి. తరువాత కొండలను, దేవదారు చెట్లను, డిప్పర్ పిట్టను ఎంతసేపైనా చూడండి. అవి మిమ్మల్ని తొందరపెట్టవు.